పడింది ఆ పిల్ల కాదు

“పరికిణీ కాలికి చుట్టుకుని పడిపోయింది, పాపం. లేకపోతే గెలిచేదే.”

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంటులో ఏ క్వార్టరు వరండాలో కూర్చున్నా, ఆ స్కేటింగు పోటీ ప్రస్తావన వస్తే వినపడే మాట ఇది. చెప్పేవాళ్ళలో సగం మంది అప్పటికి పుట్టలేదు. మిగిలిన సగం ఆ హాల్లోనే ఉన్నారు, కళ్ళు తెరుచుకునే ఉన్నారు. అయినా అదే మాట. అది చాలదన్నట్టు, మొన్న రైల్వే క్లబ్బు, అదే ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు వేసిన వార్షికోత్సవ సంచికలో ఒక పెద్దమనిషి ఇలా సెలవిచ్చాడు: బాలికలను ప్రోత్సహించాలనే విశాల దృష్టితో ఆనాటి కమిటీ ఒక బాలికకు కూడా అవకాశం కల్పించిందట, దురదృష్టవశాత్తూ వస్త్రధారణ కారణంగా ఆమె జారిపడిందట.

ఒక్క వాక్యంలో రెండు అబద్ధాలు ఇమడ్చడం కూడా విద్యే, ఒప్పుకుంటాను. కమిటీ అవకాశం కల్పించలేదు. ఆ పిల్ల పడలేదు. నేను దానికి మూడు బారల దూరంలో, మెడలో విజిల్ వేసుకుని నిలబడి ఉన్నాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న అమ్మాయిలు ఈ సంచికలూ అవీ చదివి నిజమనుకుంటారని నా బెంగ. అందుకని రాస్తున్నాను. నన్ను నోటిదురుసు మనిషినని ఇదివరకే చాలామంది అన్నారు కాబట్టి ఇప్పుడు కొత్తగా పోయే పరువేమీ లేదు.

అరవైల మొదట్లో సంగతి. రైల్వే ఆడపిల్లల బడిలో నేను చరిత్ర టీచరుని. బి.ఏ. చదివిన పిల్ల పెళ్ళి మాట ఎత్తకుండా సుభాష్‌పల్లి నుంచి సైకిలు తొక్కుకుంటూ బడికి వస్తోందని ఊళ్ళో అప్పటికే తగినంత కబురు. ఆ ఏడాది ఆటల టీచరు పురిటికి వెళ్ళింది. హెడ్‌మిస్ట్రెస్ విజిల్ తెచ్చి నా మెడలో వేసింది. “నాకు ఆటలు రావండీ” అన్నాను. “గొంతుంది కదా, చాలు” అంది ఆవిడ. ఆటల బాధ్యత అంతా ఆ ఒక్క అర్హతతోనే నాకు దక్కింది.

బడికి దగ్గర్లోనే ఇన్‌స్టిట్యూట్. దొరల కాలంలో కట్టిన డాన్సు హాలు, దానికి టేకు చెక్కల నేల. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు, వాళ్ళ కుటుంబాలు శనివారం డాన్సులు చేసేవారు, ఆదివారం చక్రాల స్కేట్లు కట్టుకుని తిరిగేవారు. స్వాతంత్ర్యం వచ్చాక ఒక్కొక్క కుటుంబమే ఆస్ట్రేలియాకని, ఇంగ్లండుకని ఓడ ఎక్కేసింది. పియానోలు అమ్ముకున్నారు, కుక్కల్ని పంచిపెట్టారు. స్కేట్లు మాత్రం ఎవరు కొంటారు? ఇరుగుపొరుగు వాళ్ళకి ఇచ్చేసి పోయారు. అలా ఒక జత ఓల్డ్ సెటిల్‌మెంటులో వీల్ షాపు ఫిట్టరు ఇంటికి చేరింది. ఆ ఇంటావిడ పెట్టిన మాగాయికి అలవాటు పడ్డ పక్కింటి మేమ్‌సాబు వెళ్ళిపోతూ ఇచ్చిన బహుమానం అది. ఆ ఇంటి పిల్ల మా బడిలో తొమ్మిదో క్లాసు. చదువులో సాధారణం. చరిత్రలో అయితే సాధారణం కంటే కిందే, నేనే మార్కులు వేసేదాన్ని కాబట్టి తెలుసు.

ఒక సెలవురోజు పరీక్ష కాగితాల కోసం బడికి వెళ్ళాను. వెనక వరండాలో కరకరమని చప్పుడు. ఆ చివర మేం డస్టర్లు గోడకి కొట్టి దులిపే చోటు. ఏళ్ళ తరబడి పడ్డ సుద్దపొడి నేలంతా తెల్లగా పరుచుకుని ఉంటుంది. ఆ పొడిలో ఈ పిల్ల ఒంటి కాలి మీద గుండ్రంగా తిరుగుతోంది. ఒక గుండ్రం పూర్తిచేసి, కాలు మార్చి, దాన్ని ఆనుకునే రెండో గుండ్రం. అంతా అయ్యాక దిగి వంగి చూస్తోంది. నేల మీద ఇంగ్లీషు ఎనిమిది. మళ్ళీ ఎక్కి అదే గీత మీద తిరిగింది. గీత పక్కన రెండో గీత పడలేదు. చక్రం పోయిన దారిలోనే పోయింది.

తిట్టడానికి వెళ్ళినదాన్ని నిలబడిపోయాను.

“ఏటే అది?” అన్నాను.

ఉలిక్కిపడి స్తంభాన్ని పట్టుకుంది. “తుడిసేస్తాను టీచరమ్మా! సీపురు తెచ్చుకున్నాను.”

“తుడవకు. ఎవరు నేర్పారు నీకు?”

“ఆ మేమ్‌సాబు ఇలాగే తిరిగీది. ముగ్గులాగే కదండీ. సేత్తో ఏసేది కాలితో ఏస్తన్నాను, అంతే.”

అంతేనట. నేను అయిదు క్లాసుల వాళ్ళకి మొగలాయీల గురించి చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంటున్నాను, ఇది కాలితో ముగ్గులేస్తూ ‘అంతే’ అంటోంది.

నాకు ఏదైనా పట్టుకుంటే వదలని జబ్బు ఉంది. ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో దొరలు వదిలేసిన ఇంగ్లీషు విజ్ఞాన సంపుటాలూ, పాత ఆటల పత్రికలూ బీరువాల నిండా ఉండేవి. కొన్నిటి పేజీలు ఇంకా కత్తిరించనే లేదు, ఎవరూ తెరవలేదన్నమాట. వాటిలో స్కేటింగు గురించి వెతికాను. కడుపుబ్బ నవ్వుకున్న సాయంత్రాలు అవి. చక్రాల స్కేట్లు చేసినవాళ్ళలో మొదటివాడని చెప్పుకునే పెద్దమనిషి లండన్‌లో ఒక విందుకి అవి కట్టుకుని, వయొలిన్ వాయిస్తూ వచ్చాడట. ఆగడం ఎలాగో మాత్రం కనిపెట్టలేదు. తిన్నగా పోయి నిలువుటద్దంలో పడ్డాడట. స్కాట్లాండులో తొలినాటి స్కేటింగు క్లబ్బులో చేరాలంటే ముందు ఒంటి కాలి మీద గుండ్రం తిరగాలి, తర్వాత మంచు మీద పెట్టిన టోపీల మీంచి దూకాలి. మొదట ఒకటి, తర్వాత రెండు, ఆపైన మూడు. పారిస్‌లో ఒక సంగీత నాటకంలో మంచు మీద స్కేటింగు సీను ఉంటే స్టేజీ మీద చక్రాల స్కేట్లతో కానిచ్చేశారు. ఒలింపిక్సులో ఫిగర్ స్కేటింగు మొదట పెట్టింది చలికాలపు ఆటల్లో కాదు, మామూలు వేసవి ఆటల్లో. ఇక ‘ఫిగర్’ అన్న మాట ఒయ్యారాన్ని బట్టి వచ్చింది కాదు. మంచు మీద స్కేటు గీసే బొమ్మని బట్టి వచ్చింది. పోటీలో నూటికి అరవై మార్కులు ఆ బొమ్మలకే. మనిషి పక్కకి తప్పుకున్నాక జడ్జీలు వంగి, అవసరమైతే మోకాళ్ళ మీద కూర్చుని, గీత మీద గీత పడిందా లేదా అని చూస్తారు.

అన్నిటికంటే నా మనసుకి పట్టింది ఒక ఇంగ్లీషావిడ కథ. ఈ శతాబ్దం మొదట్లో ప్రపంచ పోటీకి ఆవిడ పేరు ఇచ్చింది. అప్పటిదాకా మగవాళ్ళే ఆడారు. అందరూ గతుక్కుమని నిబంధనలు తిరగేశారు. ఆడవాళ్ళు రాకూడదని ఎక్కడా లేదు. ఎందుకు లేదంటే, వస్తారని ఎవడికీ తోచలేదు కాబట్టి. ఆడనివ్వక తప్పలేదు. మగవాళ్ళందరి మధ్యా రెండోదిగా వచ్చింది. గెలిచిన ఆయన తన పతకం ఆవిడకే ఇచ్చేశాడని కొందరంటారు, అది కట్టుకథని కొందరంటారు. ఆ మరుసటేడు మాత్రం పెద్దలు సమావేశమై ఆడవాళ్ళు రాకూడదని రాసుకున్నారు. అది కట్టుకథ కాదు. చెప్పిన కారణాలు వినండి. పొడుగు గౌన్ల వల్ల పాదాలు జడ్జీలకి కనపడవు. ఆడదాన్ని మగవాడితో పోల్చడం కష్టం. మూడోది ముత్యం: జడ్జీగారు తను మనసు పడ్డ అమ్మాయికే మార్కులు వేయాల్సి రావచ్చు. అంటే జడ్జీగారి మనసు నిలకడలేనిదైతే అమ్మాయి ఇంట్లో కూర్చోవాలి! ఆవిడ మటుకు గౌను అంచు పిక్కల దాకా ఎత్తి కుట్టించుకుని, ఇప్పుడు చూడండి పాదాలు అంది.

ఈ కథ చదివిన వారంలోనే ఇన్‌స్టిట్యూట్ నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. రైల్వే ఉద్యోగుల పిల్లలకి స్కేటింగు పోటీ. మొదట వచ్చినవారిని కలకత్తా పంపుతారు. అక్కడ పెద్ద హాల్లో నేర్పేవాళ్ళున్నారు, ఆ తర్వాత మొత్తం రైల్వే తరఫున ఆడించే అవకాశం ఉంది. ‘పిల్లలకి’ అని ఉంది. మగపిల్లలకి అని లేదు.

నేను ఆ పిల్లని పిలిచి చదివించాను. అది నోటీసు వంక కాదు, నా వంక చూసింది.

“కలకత్తాలో నేల ఎలాగుంటాదండీ? మన డేన్సు ఆలు కన్నా పెద్దదా?”

“నేను చూడలేదే. పెద్దదే అయ్యుంటుంది.”

“అయితే మలుపు దగ్గర గోడ అడ్డు రాదు” అంది. దానికి కలకత్తా అంటే విక్టోరియా మెమోరియల్ కాదు, ట్రాము కాదు. గోడ అడ్డురాని నేల. బడి వరండా వెడల్పు రెండు బారలు కూడా లేదు, ఇన్‌స్టిట్యూట్ హాల్లోకి మన ఆడపిల్లల్ని రానివ్వరు. ఎనిమిది కంటే పెద్ద బొమ్మ గీయాలని దాని ఆశ, గీయడానికి చోటు లేదు. దానికి కావలసింది అదొక్కటే. ఆ మాట విన్నాక నేను ఊరుకునే మనిషినా?

ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ ఒక బెంగాలీ హెడ్‌క్లర్కు, అందరికీ దాదా. మంచివాడే అనేవారు. ఎవరికీ పనికిరాని వాళ్ళందర్నీ మంచివాళ్ళనడం మనకి అలవాటు. నేనిచ్చిన పేరు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“అరే దీదీమొణి, ఇది అమ్మాయి పేరు!”

“అవును దాదా. బాగా చదివారు.”

“అమ్మాయిలు ఆడాలని రూలు లేదు.”

“ఆడకూడదని ఉందా?”

నోటీసు తెప్పించుకుని చదివాడు. తిరగేసి వెనకవైపు కూడా చూశాడు. నేను ఇంగ్లీషావిడ కథ మొత్తం చెప్పాను. “ఆవిడ మేమ్‌సాబ్!” అన్నాడు. “ఈ పిల్ల పరికిణీ కట్టుకుంటుంది. పాదాలు కనపడవు. జడ్జీలు మార్కులు ఎలా వేస్తారు?”

నాకు నవ్వాగలేదు. ఆ పుస్తకాలు ఆయన ముట్టుకోలేదని నాకు తెలుసు. అయినా అక్షరం పొల్లుపోకుండా అదే కారణం. ఇలాంటి తెలివి నేర్చుకోనక్కర్లేదు, ఏ దేశంలోనైనా దానంతటదే మొలుస్తుంది.

“పాదాలు చూడకండి దాదా, నేల చూడండి” అన్నాను. “కేరమ్స్ గదిలో పౌడర్ ఉంది కదా. నేల మీద జల్లించండి. పిల్లలు బొమ్మ గీసి బయటికి వెళ్ళాక జడ్జీలు లోపలికి వచ్చి గీతలు చూసి మార్కులు వేయండి. ఎవరిదో తెలియకుండా.”

ఆ పక్కనే మాగజీను తిరగేస్తున్న రిటైరైన మెయిల్ డ్రైవరు పెద్దగా నవ్వాడు. ఆంగ్లో ఇండియన్. ఊళ్ళో అందరికీ అంకులే. జడ్జీల్లో ఒకడు. కుర్రతనంలో తనెంత గొప్ప స్కేటరో రోజుకొకసారి చెప్పకపోతే ఆయనకి భోజనం సయించదు. “శాబాష్! లేడీ ఈజ్ రైట్. అసలు పద్ధతి అదే. నూటికి అరవై గీతలకి, నలభై ఆటకి. అలాగే చేద్దాం బాబూ” అని సెక్రటరీ వీపు మీద ఒకటి చరిచాడు. ఆ చరుపుకే ఒప్పుకున్నాడు దాదా, నా వాదనకి కాదు.

సెక్రటరీ రెండో జడ్జీ. మూడో జడ్జీ వర్క్‌షాపులో ఆఫీసరు. మన తెలుగాయనే. ఆయన మేనల్లుడు కూడా పోటీలో ఉన్నాడు. జడ్జీ మనసు ఎటో లాగుతుందేమో అని ఆ దేశంలో ఆడవాళ్ళని ఇళ్ళకి పంపారు కదా, మరి ఇక్కడ జడ్జీని ఇంటికి పంపాలి కదా అని అడిగాను. సెక్రటరీ నన్ను చూసిన చూపు, నేనేదో బూతుమాట అన్నట్టుంది.

ఇంకో గండం మిగిలింది. ఆ పిల్ల తల్లి.

వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి వరండాలో కూర్చుని స్కేటు చక్రాలు విప్పి, గ్రీజు పట్టిస్తున్నాడు. రైలు చక్రాలు సానపట్టే చేతులవి. నన్ను చూసి లేచి లోపలికి చెయ్యి చూపించాడు, అసలు కోర్టు అక్కడుందన్నట్టు.

“ఫ్రాకు కుట్టించమ్మా, నేను గుడ్డ తెస్తాను” అన్నాను.

ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు. “పెద్దమనిసైన గుంటకి ఫ్రాకేటి టీచరమ్మా? ఆలునిండా మొగోళ్ళు.”

“పరికిణీతో ఎలా ఆడుతుంది?”

అప్పుడెత్తింది తల. “నువ్వు సీర కట్టుకుని సైకిలు తొక్కతన్నావు కదేటి? నీకు రాని అడ్డు దానికొస్తాదా?”

నేను వీధిలో నిలబెట్టిన నా సైకిలు వంక చూశాను. ఆవిడే మళ్ళీ అంది, “అంచు ఓ మడత ఎత్తి కుట్టేస్తాను. కాలు కనబడతాది, సిగ్గూ ఉంటాది. ఏటే, సాలదా?”

“సాల్తాదమ్మా” అంది పిల్ల గుమ్మం వెనకనుంచి.

ఆ ఇంగ్లీషావిడ దర్జీ చేసిన పనే! ఈవిడకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అవసరం చెప్పింది. సెక్రటరీ దాదాకి అడ్డు తోచిన చోటే ఈవిడకి ఉపాయం తోచింది, తేడా అంతే.

పోటీ నాడు హాలు కిటకిటలాడింది. హిజ్లీ కాలేజీ నుంచి ఇంజినీరింగు కుర్రాళ్ళు సైకిళ్ళ మీద దిగారు. పరికిణీలో ఆడపిల్ల స్కేటింగు చేస్తుందని విని ఈలలు వేయడానికి వచ్చిన గుంపు. సెటిల్‌మెంటు ఆడవాళ్ళు తలుపుల దగ్గర. నేల మీద పౌడర్ జల్లి, సుద్దతో గడులు గీశారు. జడ్జీలు ముగ్గురూ బిలియర్డ్స్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఒక్కొక్కరే వచ్చి తన గడిలో ఎనిమిది గీసి, అదే గీత మీద మళ్ళీ మళ్ళీ తిరిగి వెళ్ళారు. మగపిల్లలు ఊపు మీద తిరిగారు. ఆఖరున ఈ పిల్ల. మొదట ఈలలు. తర్వాత, అది రెండోసారి తిరుగుతుండగా, ఈలలు తగ్గాయి. ఎవరూ మానమనలేదు, వాటంతటవే తగ్గాయి. చక్రాల చప్పుడొక్కటే వినపడింది.

జడ్జీలు వచ్చారు. అంకుల్ ఒక్కో గడి ముందూ నిలబడి “హూఁ” అన్నాడు. తెలుగు ఆఫీసరు గారు ఇస్త్రీ ప్యాంటు సంగతి ఆలోచించకుండా మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. చివరి గడి దగ్గర ఆయన మొహం వెలిగింది.

“ఇదీ గీత అంటే! చూడండి, ఎన్నిసార్లు తిరిగినా ఒక్కటే దారి. మావాడిదే అయ్యుంటుంది, రోజూ సాధన చేస్తాడు” అని అందరికీ వినపడేలా అని, తన కాగితం మీద అన్నిటికంటే పెద్ద అంకె వేశారు. మిగిలిన ఇద్దరూ అంతే వేశారు. కాగితాలు తీసుకుని ఎవరి గడి ఏదో నేనే చదివాను, అది నా పని. మొదటిది ఈ పిల్ల. మేనల్లుడు మూడు.

ఆఫీసరు గారు లేచి మోకాళ్ళ పౌడర్ దులుపుకున్నారు. చాలాసేపు దులుపుకున్నారు.

తర్వాత ఆట. ఎవరికి తోచినట్టు వాళ్ళు సంగీతానికి తిరగడం. చివర్లో టోపీల మీంచి దూకడం అంకుల్ పెట్టించాడు: గార్డు టోపీ, టికెట్ కలెక్టరు టోపీ, స్టేషన్ మాస్టరు టోపీ వరసగా నేల మీద. మేనల్లుడు వచ్చాడు, గట్టిగా ఊపందుకున్నాడు, రెండు టోపీలు దాటాడు, మూడోదాని మీద దిగాడు. టోపీ ఒక వైపు, వాడొక వైపు. ఎడమ మోకాలు చీరుకుపోయి, పౌడర్ మీద ఎర్రగా చార. హిజ్లీ కుర్రాళ్ళు అంపైరులా వేలెత్తి “అవుట్!” అని అరిచారు. హాలంతా నవ్వింది. అయోడిన్ పూసి, కట్టు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టారు.

తర్వాత ఈ పిల్ల. పరికిణీ అంచు చీలమండకి పైన. పెద్ద విన్యాసాలేం చేయలేదు, రావు. సాఫీగా తిరిగింది, వెనక్కి తిరిగింది. టోపీల దగ్గరికి వచ్చేసరికి తలుపు దగ్గర వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. దూకింది. మూడూ దాటింది. దిగింది. నిలబడింది. నిలబడింది అని రెండోసారి కూడా రాస్తున్నాను, సంచిక రాసిన పెద్దమనిషి కళ్ళజోడు పెట్టుకుని చదువుకోవాలని.

జడ్జీలు మళ్ళీ బిలియర్డ్స్ గదిలోకి పోయారు. మార్కులు వేయడానికి అంతసేపు ఎందుకో అని తలుపు తోసుకుని వెళ్ళాను. సెక్రటరీ చెబుతున్నాడు: “జనం వచ్చింది ఆట చూడటానికి, గీతలు చూడటానికి కాదు. కాబట్టి ఆటకి అరవై, గీతలకి నలభై వేద్దాం. ఠీక్ ఆఛే?”

“పోటీ అయ్యాకనా?” అన్నాను.

ఆఫీసరు గారు శాంతంగా, చదువుకున్నవాళ్ళకే వచ్చే ఆ శాంతంతో, “చూడండి టీచర్ గారూ, ఆ అమ్మాయి బాగానే చేసింది. కాదనను. కానీ పరికిణీ వల్ల పాదాలు సరిగ్గా కనపడలేదు. కనపడనిదానికి మార్కులు ఎలా వేస్తాం?” అన్నారు.

“మీవాడు పడ్డాడండీ. అది కనపడిందా?”

“పడటం కాదు చూడాల్సింది, ధైర్యం. కష్టమైనది ప్రయత్నించాడు కాబట్టే పడ్డాడు.”

“ఇదీ అదే ప్రయత్నించింది కదా? పడకపోవడం దీని తప్పా?”

నేను అంకుల్ వైపు తిరిగాను. పద్ధతి తెలిసినవాడు, అరవై నలభై అని తన నోటితో చెప్పినవాడు. ఆయన టీ కప్పులోకి చూస్తూ, “ఇట్స్ ఓన్లీ ఎ గేమ్, మై డియర్. నేను వచ్చే నెల ఓడ ఎక్కుతున్నాను” అన్నాడు. ఓడ ఎక్కేవాడికి నిజం బరువనుకున్నాడో ఏమో, ఇక్కడే దించేసి పోయాడు.

ఫలితం చదివారు. మేనల్లుడు మొదట, ఈ పిల్ల రెండు. హాల్లో గుసగుసలు. ఎవరూ లేవలేదు. ఇందాక “అవుట్” అని అరిచిన కుర్రాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. నేను అక్కడే నిలబడి గట్టిగా, తెలుగులోనూ హిందీలోనూ, నియమం మధ్యలో మార్చారని చెప్పాను. అందరూ విన్నారు. కొందరు తల ఊపారు కూడా. తల ఊపడానికి ఖర్చేముంది.

బహుమతులు మగపిల్లల కోసం ముందే కొని పెట్టారు. రెండో బహుమతి గడ్డం గీసుకునే సెట్టు. బ్రష్షు, రేజరు, చిన్న అద్దం. ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో అందుకుని, దేనికో తెలియక, అద్దంలో మొహం చూసుకుంది. జనం నవ్వారు. బయటికి వచ్చాక వాళ్ళమ్మ డబ్బా తెరిచి చూసి మొగుడి చేతిలో పెట్టింది. “గీసుకో. నీ కూతురు గెలిసి తెచ్చింది.”

పిల్ల నన్నొక్కటే అడిగింది: “గీతలు బాగానే వచ్చినాయి కదా టీచరమ్మా? మరి కలకత్తా...”

నేను దాని చేతిలోంచి స్కేట్లు అందుకుని నా సైకిలు హ్యాండిలుకి తగిలించాను.

మేనల్లుడు మోకాలి కట్టుతోనే కలకత్తా వెళ్ళాడు. పెద్ద హాల్లో స్కేటింగు ఎంత నేర్చుకున్నాడో గానీ, తిరిగొచ్చాక న్యూ మార్కెట్టు గురించి చాలా చెప్పాడు. అంకుల్ ఓడ ఎక్కాడు. హెడ్‌మిస్ట్రెస్ నా మెడలోంచి విజిల్ తీసేసుకుంది, గొంతు మరీ ఎక్కువైందని. మరుసటేడు నోటీసు బోర్డు మీద కాగితంలో ‘మగపిల్లలకు మాత్రమే’ అని కొత్తగా చేరింది. కింద కారణం కూడా రాశారు: దుస్తుల వల్ల పాదాలు కనపడనందున. నేను దాని ముందు నిలబడి చాలాసేపు చదువుకున్నాను. వేల మైళ్ళ అవతల, మంచు మీద జరిగినదాన్ని మనవాళ్ళు టేకు చెక్క మీద వరస తప్పకుండా అప్పజెప్పేశారు. చరిత్ర టీచరుగా నేను గర్వపడాలేమో.

ఇరవై ఏళ్ళు పైన గడిచాయి. ఆ డాన్సు హాల్లో ఇప్పుడు పెళ్ళి భోజనాలు పెడుతున్నారట. ఉద్యోగానికి యాభై నిండకుండానే దణ్ణం పెట్టేశాను, అది వేరే గొడవ. మొన్నామధ్య విజయనగరం టికెట్టు కోసం స్టేషనుకి వెళ్ళాను. బుకింగ్ కిటికీ వెనక గుమస్తా తలెత్తి, “ఓలమ్మ! టీచరమ్మా!” అంది. ఆ పిల్లే. చామనచాయ మొహం మీద కళ్ళజోడు, చేతికి గడియారం, టికెట్లు కొట్టే మిషను మీద చెయ్యి. నాకు సంతోషం వేసింది, దాచుకోను. పక్క సీటు అమ్మాయికి నన్ను చూపించి హిందీలో చెప్పింది, నవ్వుతూ: “నన్ను స్కేటింగు పోటీలోకి తోసిన టీచరమ్మ ఈవిడే. పరికిణీ కాలికి చుట్టుకుని పడ్డానని చెప్పానే, అది.”

నా చెవులు నేనే నమ్మలేదు.

“ఎవరే పడింది?” అన్నాను.

“నానే కదండీ.”

“నువ్వు పడలేదే! ఆ ఆఫీసరు మేనల్లుడు పడ్డాడు. నువ్వు మూడు టోపీలూ దాటి నిలబడ్డావు!”

అది తల అడ్డంగా ఊపింది, పెద్దవాళ్ళ మతిమరుపుని మన్నించినట్టు. “ఊరుకోండి. అందరూ అదే సెప్తారు కదా. మాయమ్మ కూడా సచ్చిపోయేముందు అనీది, ఆ మడత ఇంకాస్త ఎత్తి కుడితే పడకపోదువే అని.”

“పడితే రెండో బహుమతి ఎలా వచ్చింది?”

“జాలిపడి ఇచ్చినారు టీచరమ్మా. ఆడగుంటని.”

వెనక క్యూలో ఒకాయన “దీదీ, జల్దీ కరో, గాడీ ఛూట్ జాయేగీ” అని నా భుజం పక్కనుంచి చెయ్యి దూర్చాడు. “ఆగవయ్యా!” అని అరిచాను. ఇంకో నలుగురు అరిచారు. ఆ పిల్ల, పిల్లేమిటి నా తలకాయ, ఆవిడ, టికెట్టూ చిల్లరా కిటికీలోంచి నా చేతిలో పెట్టి, “బాగుండండి టీచరమ్మా” అంది. క్యూ నన్ను పక్కకి తోసేసింది.

కమిటీ అబద్ధం రాయడం నాకు వింత కాదు. కమిటీలు పుట్టిందే అందుకు. సెటిల్‌మెంటు జనం నమ్మడం కూడా వింత కాదు. కానీ తన కాళ్ళతో దూకి, తన కాళ్ళ మీద నిలబడ్డ మనిషి, ఇంకొకడి పడటాన్ని తెచ్చి తన ఒంటికి తగిలించుకుని నవ్వుతూ తిరగడం! కన్నతల్లి, ఏ తప్పూ లేని ఆ కుట్టుని తిట్టుకుంటూ పోవడం! ఇది ఎవరు మొదలుపెట్టారు, ఏ వరండాలో, ఏ సాయంత్రం? వినీ వినీ ఏ రోజు దానికి నిజమైపోయింది?

రైలు కదిలాక గానీ అసలు అడగాల్సింది నాకు తోచలేదు. ఆ కుర్రాడి ఎడమ మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉండి ఉంటుంది. టేకు చెక్క మీద అంత ఊపులో పడ్డవాళ్ళెవరికైనా ఉంటుంది. మళ్ళీ ఆ కిటికీ దగ్గరికి వెళ్తాను, క్యూ ఎంత పొడుగున్నా సరే. వెళ్ళి అడుగుతాను:

పడ్డావన్నావు కదే, మరి నీ మచ్చ ఏ మోకాలి మీద ఉంది?